గులాబీ అక్షరాలు

జనగామ
జూన్ 19

పెద్దులన్నా,

మార్కెట్ యార్డు ముందు పత్తి గింజల కోసం జనం పొద్దున్నే వరస కడుతున్నారు. మొన్నటి వానకు స్టేషన్ రోడ్డంతా నీళ్ళు.

చూశావా, ముందు కాలం గురించి ఒక మాట రాసి తర్వాతే సంగతిలోకి వచ్చాను. మొరితా సాన్ నేర్పిన పద్ధతి మరిచిపోలేదు. ఆమె ఎంతైనా బడిపంతులమ్మ. కాలం మాట లేని ఉత్తరాన్ని చదవకుండానే తిప్పి మన చేతిలో పెట్టేది.

నెల నుంచి నీకు ఫోన్ చేస్తున్నాను. ఎత్తవు. మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావు. ఆ మాటే ఇంట్లో జమునతో అంటే, "ఉత్తరం రాయరాదు? నాలుగేండ్లు జపాన్ల ముసలోళ్ళకు సేవ జేసి గదే గద నేర్సుకొని వచ్చింది మీరిద్దరు" అని నవ్వింది. అందుకే ఈ కాగితం.

మనం పనిచేసిన వృద్ధాశ్రమం నుంచి కబురు వచ్చింది. నవంబరు 16న మొరితా సాన్‌కు తొంభై తొమ్మిదేళ్ళు నిండుతాయి. అక్కడ తొంభై తొమ్మిదిని ప్రత్యేకంగా జరుపుతారని నీకు తెలుసు. హాల్లో పెద్ద తెర పెట్టి మనల్ని వీడియోలో కలుపుతారట. మనకు పొద్దున పదిన్నర అవుతుంది. వచ్చేసే రోజు ఆమె చెయ్యి పట్టుకుని, "మీ తొంభై తొమ్మిదికి ఎక్కడున్నా ఇద్దరం కలిసి పాడతాం" అని మాటిచ్చింది నువ్వు. నేను పక్కన నిలబడి తల ఊపాను. కాబట్టి బాధ్యతలో పెద్ద వాటా నీదే.

పక్షవాతంతో మాట పడిపోయాక కూడా, శనివారం కరావొకేలో మన పాట మొదలైతే ఆమె నోట్లోంచి ముక్కలు ముక్కలుగా పదాలు వచ్చేవి. "నీళ్ళు" అనలేని మనిషి పాటలో పాదం పాదమంతా అనేది. ఆమెకు ఇంకోసారి ఆ మాట రావాలంటే మనం పాడాలన్నా.

ఏం పాడదాం? అక్కడి జంట పాటలన్నీ మగా ఆడా పాడుకోవడానికి రాసినవే. ఇద్దరు మగవాళ్ళవి వెతికితే తాగి కేకలు పెట్టేవి రెండు దొరికాయి. అవి ఆ పెద్దావిడ ముందు బాగుండవు. కాబట్టి ఎప్పటిలాగే తెర మీద నీలం అక్షరాలు వస్తే నేను, గులాబీ అక్షరాలు వస్తే నువ్వు, పచ్చవి వస్తే ఇద్దరం. మగ పాత్ర నాది, ఆడ పాత్ర నీది. నీ సన్న గొంతుకు అక్కడి ముసలమ్మలు పడిపోయిన సంగతి అరుణ వదినకు ఇంకా చెప్పలేదు, భయపడకు.

మూడు అనుకున్నాను. ఓడెక్కి పోయే మొగుడు, ఒడ్డున నిలబడ్డ పెళ్ళాం పాడుకునే రేవు పాట. ఒకే గొడుగు కింద నడిచే గొడుగు పాట. వేడినీళ్ళ సత్రంలో పాత ప్రేమికులు కలిసే సత్రం పాట. ఏదో ఒకటి తేల్చి రాయి.

నీ తమ్ముడు
ధర్మా


టేకుమట్ల, భూపాలపల్లి జిల్లా
జులై 4

తమ్మీ ధర్మా,

నారు పచ్చబడింది. మడి దున్నే ట్రాక్టరు వెనక కొంగలు జీతగాళ్ళలాగా నడుస్తున్నాయి.

నా ఫోన్ మడిలో పడింది. ఆరబెట్టాను. నీ మాట నాకు వినిపిస్తుంది గాని నా మాట అవతలికి పోవడం లేదు. బాగు చేయించేదాకా ఉత్తరాలే నయం. నువ్వు రాసింది అరుణకు చదివి వినిపించబోయి, ముసలమ్మల దగ్గర ఆపాను.

మొరితా సాన్‌కు పాడాల్సిందే. అందులో తిరుగు లేదు. పాట మాత్రం చూసి ఎంచాలి. రేవు పాట వద్దు. చివరి గులాబీ పాదం ఒక్క ఊపిరిలో లాగాలి. సత్రం పాటలో మధ్యలో గొంతు పైకి ఎక్కాలి. గొడుగు పాటలో పచ్చ అక్షరాలు ఎక్కువ, నేను వెనకబడితే దొరికిపోతాను. మాటలు పొట్టి పొట్టిగా ఉండి, ఒకరు అడిగితే ఒకరు జవాబు చెప్పేది ఏదైనా వెతుకు. నా జవాబులు ఎంత చిన్నవైతే అంత మంచిది.

మిరపకాయలు ఎండబోసినప్పటి నుంచి గొంతు బొంగురుగా ఉంది. అమ్మ రోజూ మిరియాల కషాయం పోస్తోంది. "జపాన్ పొయ్యి మనిషివైతె అయినవ్ గని గొంతు ఆడ్నే ఇడిశిపెట్టి వొచ్చినవ్ బిడ్డా" అని తిడుతోంది.

జమునను అడిగినట్టు చెప్పు.

పెద్దులు


జనగామ
జులై 22

పెద్దులన్నా,

వాన మొహం చాటేసింది. పత్తి మొలకలు చూసి మా ఇంటి ఓనరు రోజూ ఆకాశంతో పోట్లాడుతున్నాడు.

దొరికింది! రైలు పాట. ప్లాట్‌ఫారం మీద మొగుడు "చలిగా ఉందా?" అంటాడు, పెళ్ళాం "లేదు" అంటుంది. "మళ్ళీ వస్తావా?" అంటాడు, "వస్తాను" అంటుంది. నీ వాటా మొత్తం కలిపితే అరపేజీ లేదు. ఇంతకంటే చిన్న జవాబులు కావాలంటే ఇక దగ్గడమే.

నేను పాఠం చెప్పే శిక్షణ కేంద్రం వాళ్ళు హాలు, తెర, మైకులు ఇస్తామన్నారు. జపాన్ పోవడానికి చదువుకునే పిల్లలంతా చూస్తామని గోల. ఆగస్టు 3 ఆదివారం రా. కాజీపేటలో రైలెక్కితే గంట ప్రయాణం. స్టేషన్లో నిలబడి ఉంటాను. జమున కోడి కూర వండుతానంది. గొంతుకు మందు మా దగ్గర కూడా ఉంది, నీకు తెలిసిన మందే.

ధర్మా


టేకుమట్ల
ఆగస్టు 8

ధర్మా,

ఆదివారం స్టేషన్లో నిలబెట్టినందుకు తప్పయింది. రాలేకపోయాను. ఇకమీద కూడా రాలేను.

పాటకు ఇంకెవరినైనా చూసుకో. మీ కేంద్రంలో పాడగలిగిన ఆడపిల్లలు ఉంటారు. గులాబీ అక్షరాలు వాళ్ళకే అందంగా ఉంటాయి. నన్ను వదిలెయ్యి.

పెద్దులు


నెల్లికుదురు, మహబూబాబాద్ జిల్లా
ఆగస్టు 24

పెద్దులన్నా,

మా తండాలో తీజ్ నిన్నటితో అయిపోయింది. బుట్టల్లో మొలిచిన గోధుమ నారును ఆడపిల్లలు ఏడుస్తూ నీళ్ళలో కలిపి వచ్చారు.

నీ ఉత్తరంలో కాలం మాట లేదు. మొరితా సాన్ అయితే తిప్పి పంపేది. నేను పది రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను, ఇక్కడికి కూడా తెచ్చుకున్నాను. కోపం తగ్గలేదు కాబట్టి కోపంతోనే రాస్తున్నాను.

నీ బాధ ఏమిటో నాకు తెలుసు. పోయిన ఏడు మీ మరదలి పెళ్ళిలో మనం పాడినప్పుడు వెనక కుర్చీల్లోంచి "గీడేందిర, ఆడిదాని లెక్క పాడుతుండు" అని ఎవడో అన్నాడు. పందిరంతా నవ్వింది. నువ్వూ నవ్వావు. కాని ఆ తర్వాత నువ్వు నా ముందు ఒక్క పాట ఎత్తలేదు. అక్కడ వందమంది ముందు నిలబడి పాడినవాడికి ఇక్కడ పదిమంది నవ్వితే సిగ్గు వచ్చిందా? ఆ సిగ్గు కోసం ముసలామెకు ఇచ్చిన మాట పోగొడతావా?

సరే. ఈసారి నీలం నువ్వు తీసుకో, గులాబీ నేను పాడతాను. నా గొంతు ఎట్లా ఉంటుందో నీకు తెలుసు, దున్నపోతు చీర కట్టినట్టు ఉంటుంది. నవ్వితే నన్నే నవ్వనీ. బాగా కింది గొంతుతో పాడే మగ పాత్ర ఉన్న పాట ఒకటి చూసి పెట్టాను. మాటలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఒంటరిగా సాధన చేస్తుంటే మా అమ్మ, యాడి ద్వాళి, విని, తీజ్ పాటలు పాడి బొంగురుపోయిన గొంతుతో మా భాషలో ఒక మాట అడిగింది. "ఒక్కనివే పాడవడితివి, జవాబెవలు చెప్తరు కొడుకా?" నువ్వు చెప్పు.

ధర్మా


టేకుమట్ల
సెప్టెంబరు 6

తమ్మీ,

వరి పొట్టకొచ్చింది. చేను దగ్గరికి పోతే పాల వాసన.

కాలం మాట రాశాను, ఇప్పుడు అసలు మాట రాస్తాను. నాకు గొంతులో పుండు. అందరూ పేరు పెట్టి చెప్పడానికి జంకే పుండే. మిరప ఘాటు కాదు, ఫోన్ మడిలో పడనూ లేదు. మే నెలలోనే నా మాట సగం పోయింది. జూన్‌లో నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఎత్తితే రెండు మాటలకే నీకు తెలిసిపోయేది.

వరంగల్ దవాఖానలో ముక్క తీసి చూశారు. ఆగస్టు మొదట్లో హైదరాబాద్ పొమ్మన్నారు. నువ్వు స్టేషన్లో నిలబడ్డ ఆదివారం నేను అరుణతో హైదరాబాద్ బస్సులో ఉన్నాను. గొంతుపెట్టె మొత్తం తీసేస్తారు. మెడకు రంధ్రం పెడతారు, ఊపిరి అందులోంచే. ఈ నెల 24న ఆపరేషన్.

నేను డాక్టరును ఒకటే అడిగాను, నవంబరు దాకా ఆగొచ్చా అని. ఎందుకని అడిగాడు. పాట ఉందన్నాను. "పాట గావాల్నా, పానం గావాల్నా నీకు?" అని కసిరాడు. అరుణ లేచి బయటికి పోయింది. తమ్మీ, నిజంగా నేను ఆగేవాణ్ణేమో. పెళ్ళాం మొహం చూసి సంతకం పెట్టాను.

నువ్వు పంపిన కింది గొంతు పాట రాత్రి చదువుకున్నాను. ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వాను, నవ్వితే దగ్గు, దగ్గితే రక్తం.

ఆడ గొంతు పాడినందుకు నాకు ఎన్నడూ సిగ్గు లేదు. పెళ్ళిలో నవ్వినవాళ్ళను అప్పుడే మరిచాను. ఆ తర్వాత పాట ఎత్తలేదంటే అప్పటికే పై గొంతు పలకడం మానేసింది, ఏదో జలుబు అనుకున్నాను. నీకు ఒకటి చెప్పలేదు. మొరితా సాన్‌కు ఇంకా మాట ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం కాళ్ళకు నూనె రాస్తుంటే చెప్పింది. ఆమె, ఆమె భర్త పెళ్ళయిన కొత్తలో రేవు పాట పాడుకునేవారట. ఆయన చేపల ఓడలో పోయి తిరిగి రాలేదు. అరవై ఏళ్ళకు పైగా ఆమె ఆ పాట జోలికి పోలేదు. మనం పాడినప్పుడు మళ్ళీ విన్నదట. "గులాబీ అక్షరాలు నావి, నువ్వు జాగ్రత్తగా వాడుకుంటున్నావు" అంది. అప్పటి నుంచి నేను ఆడ గొంతు కాదు పాడింది, ఆమె గొంతు పాడాను. ఆమె మాట పడిపోయాక మరీ.

ఇప్పుడు నాదీ పోతోంది. నాకు భయంగా ఉంది ధర్మా. చావుకు కాదు. పొద్దున లేచి అమ్మా అని పిలవాలి కదా, అందుకు.

పెద్దులు


జనగామ
సెప్టెంబరు 15

అన్నా,

ఏం కాలమో నాకు తెలియడం లేదు. క్షమించు.

మొన్న మీ ఇంటికి వచ్చి నీ ముందు కూర్చుని కూడా తప్పయిందని అనలేకపోయాను. నువ్వు గుసగుసగా మాట్లాడుతుంటే నేను కూడా గుసగుసగానే మాట్లాడాను. వదిన వంటింట్లోంచి, "నువ్వెందుకు మెల్లగ మాట్లాడుతున్నవ్ మరిదీ, నీకేమైంది?" అంటే ఇద్దరం నవ్వాం.

నీలం నువ్వు తీసుకో అని రాసిన నా చెయ్యి విరగ్గొట్టాలి.

నేను ఫోన్‌లో రికార్డు పెడితే నువ్వు రేవు పాట రెండు పాదాలు పాడి ఆపావు. వచ్చింది ఊపిరే. దాన్ని తుడిపెయ్యలేదు, మళ్ళీ వినలేదు. అక్కడి కరావొకే పాత వీడియో ఒకటి నా దగ్గరుంది. నవంబరులో నీ గొంతు దాంట్లోంచి వేద్దామా? పక్కన నేను పాడతాను. నువ్వు ఒప్పుకుంటేనే.

24న నేను దవాఖానలో ఉంటాను. వద్దని రాసినా వస్తాను.

ధర్మా


టేకుమట్ల
అక్టోబరు 21

తమ్మీ,

కోతలు మొదలయ్యాయి. ఇంటి ముందు రోడ్డు మీద సగం వడ్లే, బస్సు వాటి మీదుగానే పోతోంది.

ఇంటికి వచ్చి వారమైంది. మెడకు అరుణ తెల్లగుడ్డ కుట్టి కట్టింది. తుమ్మితే ముక్కులోంచి రాదు, గుడ్డ ఎగురుతుంది. మెడకు ఆనించే మిషన్ ఒకటి ఉందట, దాంతో మాటలు వస్తాయట. పాట రాదని కూడా చెప్పారు.

పలక కొన్నాను. అరుణతో బాగానే సాగుతోంది, తిట్లు రాయడానికే టైము పడుతుంది. అమ్మకు చదువు రాదు. మొదటి రోజు పలక మీద "అమ్మా" అని రాసి చూపించాను. ఆమె అక్షరాల మీద వేలు పెట్టి, "గిది నేనేనా?" అని అడిగింది. తల ఊపాను. ఇప్పుడు పొద్దున్నే నేను లేవకముందే వచ్చి మంచం పక్కన కూర్చుంటోంది, పిలిచే పని లేకుండా.

పాట సంగతి. పాత వీడియో వద్దు. అందులో నా గొంతు పాడుతుంటే పక్కన నేను నోరు మూసుకుని కూర్చోవాలా? నా ఫొటోకు దండ వేసి నన్నే చూడమన్నట్టు ఉంటుంది.

రేవు పాట పాడు. నేనే వద్దన్నాను, నేనే అంటున్నాను. నీలం నువ్వు పాడు. గులాబీ అక్షరాలు వచ్చినప్పుడు ఆగు. ఎవరినీ పెట్టకు, నువ్వూ పాడకు. వట్టి వాయిద్యం పోనీ. అవి ఆమెవి, కొన్నాళ్ళు నేను వాడుకున్నాను, తిరిగి ఇచ్చేద్దాం. ఆమె అందుకుంటే అందుకుంటుంది. ఖాళీ చూసి నీకు నోరు ఊరుకోదని తెలుసు. సాధనలో ఎప్పుడూ నా పాదం మీదికి వచ్చేవాడివి. ఈ ఒక్కసారికి ఊరుకో.

నేను వచ్చి నీ పక్కన కూర్చుంటాను.

పెద్దులు


జనగామ
డిసెంబరు 6

అన్నా,

చలి బాగా ఉంది. పొద్దున రైలుకు పోయేవాళ్ళంతా మఫ్లర్లు చుట్టుకున్నారు. ఎవరి మెడ చూసినా నువ్వే గుర్తొస్తున్నావు.

ఆశ్రమం నుంచి కబురు. మొరితా సాన్ మూడో తారీఖున పోయారు. పొద్దున టీ ఇవ్వడానికి వెళ్ళి చూశారట. ఈ మాట నీకు మెసేజ్‌లో పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఇరవై రోజులుగా ఒకటి మింగలేక తిరుగుతున్నాను. ఆ పుట్టినరోజు పాటలో నేను నీ మాట నిలబెట్టలేదు. మొదటి రెండు చరణాల్లో ఆగాను. గులాబీ అక్షరాలు వస్తూ పోతూ ఉన్నాయి, మా కేంద్రం హాల్లో పిల్లలు దగ్గుతున్నారు, అటు నుంచి చప్పుడే లేదు. మన పాట తిరిగి మోగుతోందని వాళ్ళు తమ మైకు ఆపేశారని తర్వాత తెలిసింది. తెర మీద ఆమె మూలన చిన్నగా ఉంది. నేను అక్షరాల మీద నుంచి చూపు తిప్పలేదు. తిప్పితే పాడలేనని భయం. ఆమె మనల్ని గుర్తుపట్టలేదనుకున్నాను. చివరి పాదం వచ్చేసరికి ఆ ఖాళీ భరించలేక నేనే పాడేశాను. ఆమె పాదం, నీ పాదం, నా దున్నపోతు గొంతుతో.

ఆ తర్వాత నువ్వు పలక తియ్యలేదు. చెయ్యి గట్టిగా నొక్కి బస్సెక్కావు. కోపమని అప్పుడే అర్థమైంది. ఇప్పుడు ఆమె కూడా లేదు, తప్పు దిద్దుకునే దారి కూడా లేదు. ఆమెకు పాట అందకుండానే పోయింది. తిట్టాలనిపిస్తే తిట్టు, రాయకుండా మాత్రం ఉండకు.

ధర్మా


టేకుమట్ల
డిసెంబరు 14

తమ్మీ ధర్మా,

మిరప పూత మీద ఉంది. ఈసారి కాయలు ఎండబోసే పని అరుణ నాకు ఇవ్వనంది.

నీ ఉత్తరం చదివి చేనులో గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు నా ఏడుపుకు చప్పుడు లేదు, పక్క చేనులో కలుపు తీసేవాళ్ళు తల కూడా తిప్పలేదు. ఆమె కాళ్ళకు నాలుగేళ్ళు నూనె రాసిన చేతులు ఇవి. పోయిన రోజు దగ్గర లేవు.

నాకు కోపం లేదురా. ఆ రోజు పలక తియ్యకపోవడానికి కారణం, బలపం ఇంట్లో మరిచాను. తెర మీద జరిగింది నీకు తెలుసనే అనుకున్నాను. నువ్వు తెర చూడలేదని ఇప్పుడు రాస్తే తెలిసింది. నువ్వు అక్షరాలు చూశావు, నేను పాట మొదలు నుంచి చివరిదాకా ఆమెనే చూశాను. కాబట్టి చెప్తాను, విను.

మొదటి చరణంలో నువ్వు ఆగగానే ఆమె తల ఎత్తింది. నా కోసం వెతికింది. నేను మెడగుడ్డ సర్ది, చెయ్యి ఊపి, నోరు కదిపాను. గులాబీ పాదం పదం పదం కదిపాను. ఆమె నా నోటిని చూస్తూ ఉండిపోయింది. రెండో చరణంలో ఆమె పెదవులు కదిలాయి. సరిగ్గా నా వెంటే, ఒక్క పదం తప్పకుండా. నాలుగేళ్ళు ఆ పెదవులను చూసినవాణ్ణి, నాకు తెలుసు. నీకు చప్పుడు రాలేదు, ఎందుకంటే వాళ్ళ మైకు ఆపి ఉంది, నాకు గొంతు లేదు. హాల్లో అందరికీ అది ఖాళీ. మేమిద్దరం మాత్రం పాడాం.

చివరి పాదంలో నువ్వు దూరావు. అప్పుడు ఆమె ఏం చేసిందో చెప్పనా? ఆగిపోయి, చూపుడువేలు పైకెత్తింది. కాలం మాట లేని ఉత్తరం చూసినప్పుడు ఎత్తేదే, ఆ వేలు. పంతులమ్మ వేలు. తర్వాత నవ్వింది, సగం మూతితో. నిన్ను ఆమె గుర్తుపట్టలేదంటావా?

పాట అందింది. ఆమె పాట ఆమె పాడుకునే పోయింది.

వచ్చే నెల నుంచి నాకు కరెంటు పెట్టే వైద్యం, రేడియేషన్ అంటారట. డాక్టరు మొహం ఈసారి అంత బాగాలేదు. అందుకని ఒకటి అడుగుతున్నాను. నువ్వు ఇకమీద కూడా రేవు పాట పాడు. జమున ముందో, నీ పిల్లల క్లాసులోనో, ఎక్కడైనా. నేను వచ్చినా రాకపోయినా, ఉన్నా లేకపోయినా, గులాబీ అక్షరాలు వచ్చినప్పుడు ఆగు.

నేను పాడుతుంటాను.

నీ అన్న
పెద్దులు